కల్లోలిత ప్రాంతాలు: కొల్హాన్ నుండి మన్యం వరకు

జంషెడ్‌పూర్ నగరంలో సోనారి పేట అంచున సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలుస్తాయి. ఆ సంగమాన్ని స్థానికులు దోముహాని అంటారు. ఉక్కు కర్మాగారంలో పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరతరాలుగా నివసిస్తున్నవి. సాయంవేళ ఆ ఒడ్డున నిలబడిన తెలుగువాడు తన పూర్వుల ఊరికి తాను ఎంతో దూరంగా ఉన్నాననే అనుకుంటాడు. భాష, తిథులు, వంటకాలు వేరైన మాట నిజమే. కాని పరిపాలనా చరిత్ర దృష్ట్యా చూస్తే ఆ దూరం అంత పెద్దది కాదు. అతని కాళ్లకింది సింగ్‌భూమ్ నేల, అతని పూర్వులు పుట్టిన విశాఖ మన్యపు అంచులు దాదాపు ఒకే దశాబ్దంలో, ఒకే తరహా కారణాల వల్ల సాధారణ చట్టపు పరిధి నుండి వేరు చేయబడినవి. ఆ వేర్పాటు మొదట సైనిక అవసరంగా ఆరంభమైంది. సైన్యం తిరిగి వెళ్లిపోయిన తరువాత కూడ గీత మాత్రం అలాగే నిలిచింది.

ఒక ప్రాంతాన్ని సైనిక చర్యకు లోనైన మండలంగా ప్రకటించేటప్పుడు ఏ ప్రభుత్వమైనా నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ఏ శాసనం ఆధారంగా ప్రకటిస్తున్నాము? ఎక్కడి నుండి ఎక్కడి వరకు? అక్కడి అధికారం ఎవరి చేతికి ఇస్తున్నాము? ఎంతకాలానికి? రెండు శతాబ్దాల రికార్డును తిరగవేస్తే మొదటి మూడింటికి సమాధానాలు స్పష్టంగానే కనిపిస్తాయి. నాలుగవ ప్రశ్న దగ్గరనే కలం తరచుగా ఆగిపోయింది. ఆ ఆగిపోవడం వల్ల కలిగిన ఫలితాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అధికారానికి ఆధారం

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం వంగ రాష్ట్రంలో 1804లో పదవ రెగ్యులేషనును, మద్రాసు రాష్ట్రంలో 1808లో ఏడవ రెగ్యులేషనును జారీ చేసింది. రెండింటి సారాంశం ఒక్కటే. యుద్ధ సమయంలోగాని, బహిరంగ తిరుగుబాటు జరిగినప్పుడుగాని, ప్రభుత్వం తన ఏలుబడిలోని ఏ భాగంలోనైనా మామూలు క్రిమినల్ న్యాయస్థానాల పనిని నిలిపివేసి, ఆయుధాలతో పట్టుబడినవారిని సైనిక న్యాయస్థానాల ఎదుట విచారింపజేయవచ్చును. శిక్ష మరణం, దానితోపాటు ఆస్తి జప్తు. రాజ్యమంతటా కాక ఏదో ఒక భాగంలో మాత్రమే చట్టాన్ని నిలిపివేయవచ్చుననే భావన ఈ విధంగా శాసన రూపం ధరించింది. గ్రామంలో దారోగా ఉండగానే, జిల్లాలో జడ్జి ఉండగానే, ఒక కాగితంతో ఆ ఇద్దరినీ పక్కకు తప్పించే వీలు ఏర్పడింది.

కంపెనీ ఈ అధికారాన్ని ఎక్కువగా కొండ ప్రాంతాలలోనే వినియోగించవలసి రావడం యాదృచ్ఛికం కాదు. శాశ్వత శిస్తు పద్ధతి, జమీందారీ వేలాలు, సివిలు కోర్టుల డిక్రీలు మైదానంలో పుట్టిన వ్యవస్థలు. లిఖిత పత్రం చూడని సమాజాలలో అవి ప్రవేశించినప్పుడు పత్రం చేతిలో ఉన్నవాడు భూమికి యజమాని అయినాడు. తరతరాలుగా దున్నుకొన్నవాడు ముద్దాయి అయినాడు.

సింగ్‌భూమ్ నేల

1831-32లో ఛోటానాగపూర్‌లో కోలు తిరుగుబాటు, దాని వెంటనే 1832-33లో గంగానారాయణ్ నాయకత్వాన భూమిజుల తిరుగుబాటు చెలరేగినవి. సైన్యం వీటిని అణచిన తరువాత 1833లో పదమూడవ రెగ్యులేషను వచ్చింది. జంగిల్ మహల్స్ అనే జిల్లా రద్దయింది. మామూలు రెగ్యులేషన్లు వర్తించని నైరుతి సరిహద్దు ఏజెన్సీ ఏర్పడింది. గవర్నరు జనరలు ఏజెంటుగా కెప్టెన్ థామస్ విల్కిన్సన్ నియుక్తుడైనాడు. నేటి జంషెడ్‌పూర్ ఉన్న ధాల్‌భూమ్ పరగణా అప్పుడు మేదినీపురం నుండి విడదీయబడి మాన్‌భూమ్‌లో చేరింది; 1846లో సింగ్‌భూమ్‌కు వచ్చింది. 1907లో ఉక్కు కంపెనీ స్థాపితమైన నాటికి ఈ నేలకు ఏజెన్సీ చరిత్ర డెబ్బది ఏండ్లకు పైబడి ఉన్నది.

ఖర్కాయికి ఆవలి కొల్హాన్ కథ మరింత స్పష్టమైనది. హో ప్రజల ఈ దేశాన్ని పొరుగు రాజులు తమదే అనేవారు. హో ప్రజలు ఆ మాటను అంగీకరించేవారు కారు. 1836 చివరిలో కంపెనీ సైన్యం అక్కడికి కదిలింది. 1837 ఆరంభంలో చర్య ముగిసిన వెంటనే కొల్హాన్ ప్రభుత్వపు ప్రత్యక్ష పాలనలోకి వచ్చింది. చాయిబాసా కేంద్రమైంది. అదే ఏడాది చివర పోటో హో నాయకత్వంలో మరల తిరుగుబాటు జరిగింది. 1838 ఆరంభంలో ఆయనను ఉరితీశారు. అయితే విల్కిన్సన్ చేసిన మరొక పని కూడ గమనింపదగినది. గ్రామాధికారి అయిన ముండాను, కొన్ని గ్రామాల సముదాయానికి పెద్ద అయిన మానకీని ఆయన తొలగించలేదు. వారి ద్వారానే చిన్న తగవులు తీరేటట్లు నిబంధనలు రూపొందించాడు. ఆ నిబంధనల పేరు కొల్హాన్ గ్రామాలలో నేటికీ వినిపిస్తుంది. సైనిక చర్యకు కొనసాగింపుగా పుట్టిన కాగితమే ఆ ప్రజలకు తమ స్వపరిపాలనా పత్రంగా మారడం చరిత్రలోని ఒక విచిత్రం.

సంతాల్ ప్రాంతంలో ఇదే క్రమం మరింత వేగంగా నడిచింది. 1855 నవంబరు 10న సైనిక శాసనం ప్రకటితమైంది. 1856 జనవరి 3న ఉపసంహరింపబడింది. ఆ రెండు తేదీల మధ్యనే, డిసెంబరులో, సంతాల్ పరగణాలను సాధారణ చట్టాల నుండి మినహాయించే 1855 నాటి ముప్పదియేడవ చట్టం వచ్చింది. సైనిక శాసనం రెండు నెలలు కూడ నిండకుండా ముగిసింది. ప్రత్యేక మండలం మాత్రం స్థిరపడింది.

విశాఖ మన్యం

సరిగా ఆ కాలంలోనే మద్రాసు రాష్ట్రపు ఉత్తర కొసన ఇటువంటి సంఘటనలే జరిగినవి. పర్లాకిమిడి, పాలకొండ, కాశీపురం ప్రాంతాలలో అల్లర్లు పెచ్చుపెరుగగా 1832లో ప్రభుత్వం రెవెన్యూ బోర్డు సభ్యుడైన జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమీషనరుగా పంపింది. అవసరమైతే సైనిక శాసనం విధించగల అసాధారణాధికారాలు ఆయనకు లభించినవి. పాలకొండ జమీందారీ జప్తు అయింది. తరువాత గుంసూరులో తిరుగుబాటు లేచినప్పుడు కూడ 1836లో ఆయననే పంపినారు. గుంసూరు సంస్థానం సైతం ప్రభుత్వ వశమైంది.

రస్సెల్ తన అనుభవాన్ని క్రోడీకరించి చేసిన సూచనల ఫలితమే 1839 నాటి ఇరువదినాలుగవ చట్టం. దాని ప్రకారం గంజాం, విశాఖపట్నం జిల్లాలలోని కొండ జమీందారీలు మామూలు న్యాయస్థానాల పరిధి నుండి తొలగిపోయి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి వచ్చినవి. శిస్తు వసూలు, పోలీసు, సివిలు న్యాయం, క్రిమినల్ న్యాయం అన్నీ ఒకే అధికారి వద్ద చేరినవి. తెలుగులో 'ఏజెన్సీ' అనే మాట అడవి, కొండ, గిరిజనుడు అనే అర్థచ్ఛాయలను సంపాదించుకొన్నది ఈ చట్టం వల్లనే. మూలంలో అది ఒక భూభాగం పేరు కాదు, ఒక అధికారి హోదా. పాలకుని హోదా ప్రదేశానికి పేరై, ఆ పేరే కాలక్రమంలో అక్కడి మనిషికి గుర్తు అయింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడ ఆ చుట్టుపట్లనే ఉన్నది. ఖోండుల సీమలో మెరియా నరబలిని అరికట్టడానికి 1845 నాటి ఇరువదియొకటవ చట్టంతో ఒక ప్రత్యేక ఏజెన్సీ ఏర్పడింది. మెక్‌ఫర్సన్, కాంప్‌బెల్ వంటివారు అందులో పనిచేశారు. 1861లో ఆ ఏజెన్సీని ఎత్తివేశారు. దానికి నిర్దిష్టమైన ఒక కర్తవ్యం ఉన్నది. కాబట్టి పని ముగిసిందని చెప్పడం సాధ్యమైంది. 1839 నాటి ఏజెన్సీకి అటువంటి కర్తవ్యం రాసిపెట్టలేదు. శాంతిని నెలకొల్పడం దాని ఆశయం. శాంతి ఎన్నడు పూర్తిగా నెలకొన్నదో చెప్పగలవారెవరు?

1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ చెల్లాచెదరు మినహాయింపులను ఒక పట్టికలోకి తెచ్చింది. ఛోటానాగపూర్ డివిజను, సంతాల్ పరగణాలు, గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల ఏజెన్సీ భాగాలు ఒకే చట్టపు అనుబంధంలో చోటుచేసుకొన్నవి. సోనారి నేల, చింతపల్లి కొండ చట్టం దృష్టిలో ఇరుగుపొరుగులైనవి.

పితూరీల పాఠం

ప్రత్యేక మండలం ఏర్పడినంత మాత్రాన అశాంతి తొలగిపోలేదని 1879 నాటి రంప పితూరీ నిరూపించింది. కల్లుగీతపై పన్ను, మైదాన ప్రాంతపు వర్తకులు కోర్టుల ద్వారా గుంజుకొన్న ఆస్తులు, మన్సబుదారు దోపిడి దానికి కారణాలు. రంపలో పుట్టిన మంట గొలుగొండకూ భద్రాచలం ప్రాంతానికీ వ్యాపించింది. పదాతి దళాలు, ఆశ్విక దళం, సాపర్లు దిగవలసి వచ్చింది. రెవెన్యూ బోర్డుకు చెందిన సలివాన్ విచారణ జరిపినాడు. మన్సబుదారును తొలగించి ముఠాదార్లతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకొన్నది. ఆ మన్సబుదారుపై ఫిర్యాదులు పితూరీతో మొదలైనవి కావు. వాటిని పట్టించుకొనడం మాత్రం పితూరీతోనే మొదలైంది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనును ముట్టడించింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. అక్టోబరులో గోదావరి ఏజెన్సీలోని అడ్డతీగల, రంపచోడవరం. జిల్లా సరిహద్దు కలెక్టర్లకు అడ్డమయింది గాని కొండదారులు తెలిసినవారికి కాలేదు. మలబారు ప్రత్యేక పోలీసులను, 1924 జనవరిలో అస్సాం రైఫిల్సును రప్పించారు. ఆ ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమీషనరుగా వచ్చాడు. 1832లో రస్సెల్ విషయంలో అనుసరించిన పద్ధతినే తొంభై ఏండ్ల తరువాత తిరిగి అనుసరించడం గమనింపదగినది. మే 7న సీతారామరాజు పట్టుబడినాడు. ఏ న్యాయస్థానపు విచారణా లేకుండానే కొయ్యూరు వద్ద ఆయనను కాల్చివేశారు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 1920 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లాండులోని కార్క్, కెర్రీ, లిమెరిక్, టిప్పరేరీ కౌంటీలలో సైనిక శాసనం ప్రకటించింది. 1921 ఆగస్టులో మలబారులోని కొన్ని తాలూకాలలో ఆర్డినెన్సు ద్వారా అదే పని జరిగింది. 1922 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ రెండు చోట్లా ప్రకటన ఉన్నది, సరిహద్దు ఉన్నది, ముగింపు ఉన్నది. మన్యంలో అటువంటి ప్రకటనే రాలేదు. ఎందుకు రాలేదంటే దాని అవసరం అంతగా కలుగలేదు. కలెక్టరే మేజిస్ట్రేటు, మేజిస్ట్రేటే న్యాయమూర్తి అయిన చోట నిలిపివేయడానికి సాధారణ చట్టం ఎక్కడిది? 1839లో గీసిన గీత 1924లో సైనిక శాసనం చేయవలసిన పనిలో అధిక భాగం నిశ్శబ్దంగా చేసిపెట్టింది. మలబారు రైతుకు తన తాలూకాలో అసాధారణ పాలన ఎన్నడు మొదలైందో, ఎన్నడు తొలగిందో చెప్పడానికి తేదీలున్నవి. మన్యపు రైతుకు ఆ తేదీలు లేవు.

స్వాతంత్ర్యానంతరం

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఈ ప్రాంతాలు పాక్షికంగా మినహాయింపబడిన ప్రాంతాలైనవి. 1950లో రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ద్వారా షెడ్యూల్డు ప్రాంతాలుగా వాటిని స్వీకరించింది. గీత చాలావరకు పాతదే. దాని ప్రయోజనం మారింది. ఒకప్పుడు ప్రభుత్వ రక్షణ కొరకు ప్రజలను వేరుచేసిన హద్దు, ఇప్పుడు భూమిని పోగొట్టుకొనకుండా ఆ ప్రజలను రక్షించవలసిన హద్దు అయింది. విశాఖ కొండలకు, సింగ్‌భూమ్‌కు ఇది సమానంగానే వర్తించింది. 2007 నాటి ఉత్తర్వులో తూర్పు సింగ్‌భూమ్ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతంగానే పేర్కొనబడింది. సోనారి వీధులు కూడ ఆ జిల్లాలోనివే. పితూరీ నాయకులలో ఒకరైన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నిక కావడం ఈ మార్పుకు జీవంతమైన నిదర్శనం.

అయితే పాత అధికారం కూడ కొత్త పేరుతో కొనసాగింది. 1942 ఆగస్టు 15 నాటి సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల ఆర్డినెన్సు క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచడానికి పుట్టింది. స్వతంత్ర భారతంలో 1958 నాటి చట్టానికి అదే నమూనా. హైదరాబాదులో 1948 సెప్టెంబరు చర్య తరువాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా ఏడాదికి పైగా పాలించారు. అదే సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో అలజడుల అణచివేత చట్టం వచ్చింది. ఒక ప్రాంతాన్ని కల్లోలితమైనదిగా ప్రభుత్వం ప్రకటిస్తే అక్కడ కొన్ని నేరాలకు శిక్షలు పెరుగుతాయి. సబ్ ఇన్‌స్పెక్టరు హోదా గల పోలీసు అధికారికి సైతం, హెచ్చరిక చేసిన పిమ్మట, ప్రాణాలు తీయగల కాల్పులకు అధికారం కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని వారసత్వంగా పొందింది. 1969లో శ్రీకాకుళం ఏజెన్సీ ప్రాంతాలలోను, 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలోను అది ప్రయోగింపబడింది.

శ్రీకాకుళం ఉదంతంలో తేదీలను ఒక క్రమంలో పేర్చి చూడడం అవసరం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి ఒకటవ రెగ్యులేషను వచ్చింది. కాని దాని అమలుకు కావలసిన నిబంధనలు 1969 వరకు రూపొందలేదు. ఈ మధ్యకాలంలో 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు ఉద్యమకారులు కాల్పులలో మరణించారు. ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. ప్రాంతం కల్లోలితమైనదిగా ప్రకటితమైంది. 1970లో ఒకటవ రెగ్యులేషను గిరిజనేతరులకు భూ బదిలీని పూర్తిగా నిషేధించింది.

నిబంధనలు సిద్ధం చేయడానికి పది సంవత్సరాలు పట్టింది. కల్లోలిత ప్రాంతమని ప్రకటించడానికి అంత వ్యవధి పట్టలేదు. రెండూ ప్రభుత్వ కార్యాలయాలలో తయారయ్యే కాగితాలే. రెండింటిపైనా సంతకం చేసేది మనవంటి అధికారులే. ఒక ఫైలు పదేండ్లు బీరువాలో ఉన్నందువల్ల మరొక ఫైలు తెరవవలసి వచ్చిందని అనడం అతిశయోక్తి కావచ్చు. ఉద్యమానికి రాజకీయ సిద్ధాంతం వంటి ఇతర కారణాలు లేకపోలేదు. అయినా ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు సచివాలయంలో లేరు, కొండ మీద ఉన్నారు.

రెండు దారాలు

ఈ చరిత్రను చదివినవారు రెండు విధాల తొందరపడే అవకాశం ఉన్నది. ప్రత్యేక మండలాలన్నీ వలస పాలన అవశేషాలు గనుక వాటిని తుడిచివేయవలెనని కొందరనవచ్చు. అట్లా చేస్తే గిరిజనుని భూమికి ఉన్న రక్షణ కూడ తుడిచిపెట్టుకొనిపోతుంది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు గనుల నిమిత్తం కౌలుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో సమతా కేసులో చెప్పగలిగింది ఆ రక్షణ ఆధారంగానే. అవి రక్షణకు గీసిన గీతలు గనుక వాటి లోపల అసాధారణాధికారం కూడ సహజమేనని మరికొందరనవచ్చు. అది మరింత ప్రమాదకరం.

ఈ తాడులో రెండు దారాలు పెనవేసుకొని ఉన్నవి. ఒకటి భూమిని, ఆచారాన్ని, గ్రామ న్యాయాన్ని కాపాడే దారం. దానికి గడువు ఉండవలసిన పని లేదు. రెండవది ఆయుధానికి, నిర్బంధానికి, శిక్షకు సంబంధించిన దారం. దానికి గడువు లేకపోవడమే దోషం. విల్కిన్సన్, రస్సెల్ రెండింటినీ కలిపి పేనినారు. వాటిని విడదీసి పట్టుకొనడం నేటి పరిపాలకుని పని. నాగా ప్రజల మానవ హక్కుల ఉద్యమం వేసిన కేసులో 1997లోనే సుప్రీంకోర్టు ఈ దిశగా ఒక మార్గం చూపింది. 1958 నాటి చట్టాన్ని సమర్థిస్తూనే, కల్లోలిత ప్రాంత ప్రకటన పరిమిత కాలానికే ఉండవలెనని, ఆరు నెలలు ముగియకముందే దానిని పునఃసమీక్షించవలెనని నిర్దేశించింది. నాలుగవ ప్రశ్నకు సమాధానం ఆనాటికి గాని ఒక విధి రూపం పొందలేదు.

2011లో పశ్చిమ సింగ్‌భూమ్‌లోని సారండా అడవులలో భద్రతా దళాలు పెద్ద చర్య చేపట్టినవి. ఆ ఏడాదే సారండా అభివృద్ధి ప్రణాళిక ప్రకటితమైంది. మంచిదే. కాని క్రమం మాత్రం 1837 నాటిదే, 1855 నాటిదే, 1879 నాటిదే, 1970 నాటిదే. ముందు దళం, తరువాత దస్తావేజు. ఈ క్రమాన్ని తారుమారు చేయగలిగిన రోజున గీతలు గీయవలసిన అవసరమే తగ్గుతుంది.

దోముహాని వద్ద రెండు నదులు కలిసిన తరువాత ఏ నీరు ఎక్కడిదో చెప్పడం కష్టం. ప్రభుత్వపు ప్రకటన విషయంలో అట్లా కాకూడదు. రక్షణ ఎంతవరకో, శిక్ష ఎంతవరకో, శిక్షించే అధికారం ఎన్నటి వరకో కాగితం మీద విడివిడిగా కనిపించవలెను. ప్రకటన ముసాయిదా తయారుచేసే అధికారి మొదటి పేరా రాయకముందే చివరి పేరా రాసుకొనడం మేలు. ఎప్పుడు, ఏ పరిస్థితులలో ఇది రద్దవుతుందో ఆ పేరాలో ఉండవలెను. రెండు శతాబ్దాల క్రితం ఆ పేరా రాయకపోవడం వల్ల ఎన్ని తరాలు గడువు లేని అసాధారణ పాలనలో బ్రతికినవో మన ఇరుగుపొరుగు కొండలకు తెలుసును.